డబ్బు ట్రాక్ మీద పెట్టండి, ఓపిక టరెట్ మీద పెట్టండి

ప్రశ్న: నా దగ్గర తామియా కంపెనీ వాళ్ల టీ-34/85 (రెండో ప్రపంచ యుద్ధం నాటి సోవియట్ ట్యాంకు) ప్లాస్టిక్ మోడల్ కిట్ ఉంది, 1/35 స్కేలు, అంటే అసలులో 35వ వంతు. ఇదివరకు రెండు ట్యాంకులు పెట్టెలో ఉన్నది ఉన్నట్టు కట్టాను. రెండిటికీ ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీ) చక్రాల మీద ఆనకుండా మిషన్ బెల్టులా బిగుసుకుని నిలబడింది. ఈసారి అదనపు భాగాలు వేసి బాగా చేద్దామనుకుంటున్నాను. మెటల్ ట్రాక్, ఇత్తడి ఫొటో ఎచ్ సెట్ (రసాయనంతో చెక్కిన పల్చటి రేకు ముక్కలు), మెటల్ ఫిరంగి గొట్టం, రెసిన్ చక్రాలు, ఇంజిన్ సెట్ కలిపి లెక్క వేస్తే కిట్ ధరకి నాలుగింతలు దాటుతోంది. అంత పెట్టలేను. ఏవి కొనాలి, ఏవి మానెయ్యాలి? ఒకసారి ఎచ్ ముక్కలు వాడబోతే సగం ఎగిరిపోయాయి. మిగతావి ఫెవిక్విక్‌తో అంటిస్తే చుట్టూ తెల్లగా బూజులా పట్టింది.
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: ట్రాక్ కొనండి. ఇంజిన్ వెనక జాలీ ఉన్న చిన్న ఎచ్ సెట్ కొనండి. ఇంకా మిగిలితే గొట్టం. చక్రాలు, ఇంజిన్ సెట్ ఈ కిట్‌కి వద్దు. ఈ ట్యాంకు రూపాన్ని అన్నిటికన్నా ఎక్కువ మార్చేది టరెట్ (పైన ఫిరంగితో పాటు తిరిగే గది) పోత గరుకుదనం. దానికి పుట్టీ, పాత బ్రష్షు చాలు.

కొనేముందు ఒక పని చెయ్యండి. మీరు చెయ్యబోయే ట్యాంకు ఫొటో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. టీ-34/85ని నిఝ్నీ తగిల్‌లోని 183వ నంబరు ఫ్యాక్టరీ, గోర్కీలోని 112వ నంబరు క్రాస్నయే సోర్మొవొ ఫ్యాక్టరీ, ఓమ్‌స్క్‌లోని 174వ నంబరు ఫ్యాక్టరీ తయారుచేశాయి. పోత అతుకులు, మడ్‌గార్డులు, చక్రాలు, చేతికమ్మీల చోట్లు ఫ్యాక్టరీని బట్టి, నెలని బట్టి మారాయి. అందుకే ప్యాకెట్ మీద టీ-34/85 అని ఉన్నంత మాత్రాన అది మీ ట్యాంకుకి సరిపోదు. చక్రాల సెట్లనే చూడండి. నక్షత్రం చేప ఆకారంలో ఉండే చక్రాలు టీ-54, టీ-55లవి. అవి టీ-34కి ఎక్కింది 1960లలో చేసిన ఆధునికీకరణలో. వాటిని 1945 బెర్లిన్ ట్యాంకుకి తొడిగితే ఇరవై ఏళ్ల తేడా మోడల్ మీదే కనిపిస్తుంది. కిట్‌లో వచ్చిన చక్రాలు బాగానే ఉంటాయి. రబ్బరు అంచుకి అక్కడక్కడ కత్తి మొనతో చిన్న గాట్లు పెడితే అరిగిన చక్రమవుతుంది.

రెండో జాగ్రత్త ఎచ్ సెట్ గురించి. సెట్ మీద అది ఏ కంపెనీ కిట్ కోసం చేశారో రాసి ఉంటుంది. వేరే కంపెనీ టీ-34 కోసం చేసిన జాలీ తామియా కిట్ మీద అర మిల్లీమీటరు అటో ఇటో ఉంటుంది. ఇత్తడి రేకుకి అర మిల్లీమీటరు సాగదీసే వీలుండదు.

ఇక ట్రాక్. టీ-34కి పైన ట్రాక్‌ని మోసే చిన్న రోలర్లు లేవు. ఐదు పెద్ద చక్రాల నెత్తి మీదే పై ట్రాక్ ఆనుకుని, చక్రానికి చక్రానికి మధ్య కిందికి వాలుతుంది. మీ రెండు మోడళ్లలో లోపించింది ఈ వాలే. కిట్ ట్రాక్ బరువు లేని వినైల్, పైగా స్ప్రింగులా సాగి ఉంటుంది, అందుకే వాలదు.

అసలు ట్రాక్‌లో ఒక్కో పక్క 72 లింకులు. 36 లింకులకి మధ్యలో కొమ్ము ఉంటుంది, 36 చదునుగా ఉంటాయి, ఒకటి విడిచి ఒకటి. వెనకనున్న డ్రైవ్ చక్రానికి పళ్లు ఉండవు. రెండు పళ్లేల మధ్య ఆరు రోలర్లు ఉంటాయి, అవే కొమ్ముని పట్టి లాగుతాయి. మోడల్ కట్టేటప్పుడు దీనివల్ల రెండు చిక్కులొస్తాయి. డ్రైవ్ చక్రం రెండు సగాలని తొందరపడి అంటిస్తే రోలర్ల వరస కొద్దిగా మెలిపడుతుంది, కొమ్ములు కూర్చోవు. ముందు పది లింకులు కలిపి, చక్రానికి చుట్టి చూసి, అప్పుడు అంటించండి. రెండోది, ట్రాక్ వదులైతే ఒక్క లింకు తీసేద్దామనిపిస్తుంది. ఒక్కటి తీస్తే ఎక్కడో ఒకచోట రెండు కొమ్ములు గానీ రెండు చదును లింకులు గానీ పక్కపక్కన పడతాయి. తీస్తే జతగా తీయాలి. మోడల్ మీద 72కి బదులు 70 పట్టినా ఫరవాలేదు, 71 మాత్రం కుదరదు. ఆ మధ్య తేడాని ముందున్న ఐడ్లర్ చక్రంతో సర్దుకోవాలి. అసలు ట్యాంకులోనూ ట్రాక్ బిగింపు సర్దేది దానితోనే. కాబట్టి ఐడ్లర్ ఇరుసుని ట్రాక్ వేసి చూసేదాకా అంటించకండి.

మెటల్ ట్రాక్ కొంటే మెత్తటి తెల్ల లోహంలో పోసిన లింకులు, తీగ వస్తాయి. ప్రతి లింకు అంచునీ ఆకురాయితో ఒకసారి గీసి, పిన్ను రంధ్రాన్ని తీగ మందానికి సరిపోయే బిట్‌తో, మామూలుగా 0.5 మి.మీ., చేత్తో తిప్పుతూ శుభ్రం చెయ్యండి. మోటారు డ్రిల్ వాడితే మెత్తటి లోహం బిట్‌కి చుట్టుకుని బిట్ విరుగుతుంది. 144 లింకులు ఒక్క సాయంత్రంలో పూర్తిచేద్దామనుకోవద్దు. రోజుకి 30 చొప్పున చేస్తే అయిదు రోజులు, వేళ్లూ బాగుంటాయి. కొన్ని పోతల్లో సీసం ఉంటుంది. పొడి రాలేచోట తడి గుడ్డ పరచండి, పని కాగానే చేతులు సబ్బుతో కడగండి, తినే బల్ల మీద ఈ పని పెట్టుకోకండి.

పూర్తయిన ట్రాక్‌ని గిన్నెలు తోమే సబ్బునీళ్లలో కడిగి, బాగా ఆరాక, లోహాన్ని నల్లబరిచే ద్రావణంలో ముంచితే మూలమూలలా ముదురు రంగు పడుతుంది. జిడ్డు మిగిలినచోట మాత్రం మచ్చలుగా తెల్లగా ఉండిపోతుంది. కడగడం అంత ముఖ్యం. తర్వాత నేలకి తగిలే ముఖాన్ని 1000 నంబరు వాటర్ పేపర్‌తో రెండుసార్లు రుద్దితే లోహం మెరుపు బయటపడుతుంది. నడుస్తున్న ట్యాంకు ట్రాక్ అలాగే ఉంటుంది. ఇటుక రంగు తుప్పు పూయడం చాలామంది చేసే పొరపాటు. రోజూ నేలమీద రాసుకునే ఉక్కు ఎర్రగా తుప్పు పట్టదు.

మెటల్ ట్రాక్‌కి ఒక లోపముంది. బరువు. ప్లాస్టిక్ ఐడ్లర్ ఇరుసు నెమ్మదిగా లోపలికి వంగి, నెలల తర్వాత చక్రం ఏటవాలుగా కనిపిస్తుంది. కట్టేటప్పుడే ఇరుసు మధ్యలో 1 మి.మీ. రంధ్రం చేసి ఇత్తడి పుల్ల దూర్చి ఆరల్డైట్‌తో బిగించండి.

ఆ ఖర్చు కూడా ఎక్కువనిపిస్తే విడి ప్లాస్టిక్ లింకుల సెట్ మెటల్ దానికన్నా చవక, ఫలితం దాదాపు అదే. స్టీల్ స్కేలుని అంచుగా పెట్టుకుని లింకులు వరసగా పేర్చి, కీళ్లకి మామూలు ప్లాస్టిక్ సిమెంటు రాసి, ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు ఆగండి. అప్పటికి కీళ్లు తోలులా మెత్తగా ఉంటాయి. ఆ స్థితిలో చక్రాల చుట్టూ వేసి, పై ట్రాక్‌కీ ట్యాంకు పక్క పొడుచుకొచ్చిన భాగానికీ మధ్య స్పాంజి ముక్కలు కుక్కి, రాత్రంతా వదిలేయండి. వాలు గట్టిపడి అలాగే ఉంటుంది. ముందే ఆగకుండా చుడితే లింకులు విడిపోతాయి. గంట దాటితే విరుగుతాయి. రంగు వెయ్యడానికి తీసేయాలంటే డ్రైవ్ చక్రం, ఐడ్లర్‌లను అంటించకుండా ఉంచి, ట్రాక్‌తో పాటే బయటికి లాగాలి.

అసలేమీ కొనకుండా కిట్ ట్రాక్‌నే వాడాలన్నా దారి ఉంది. ట్రాక్ పైభాగం వెళ్లే చోట, చక్రాల మధ్య, ట్యాంకు పక్క గోడకి 0.8 మి.మీ. రంధ్రాలు నాలుగు చేసి, ట్రాక్ మీదుగా తీగ ముక్కలు గుచ్చితే అవి ట్రాక్‌ని కిందికి నొక్కిపెడతాయి. పైన పక్కభాగం అడ్డుండటంతో తీగలు కనబడవు. చక్రాలకి మాత్రం ముందే రంగు వేసి ఆరనివ్వండి. పాత వినైల్‌లోని నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. ట్రాక్ ఆనినచోట చక్రం కరిగి గుంటపడ్డ మోడళ్లు పాత బీరువాల్లో చాలా కనబడతాయి. రంగు పొర కొంత అడ్డు.

ఎచ్ సెట్‌లో మీకు నిజంగా కావలసింది ఇంజిన్ వెనక ఉండే జాలీ. కిట్‌లో అది మూసుకుపోయిన ప్లాస్టిక్ పలక, మీద గళ్ల ముద్ర మాత్రం ఉంటుంది. అసలు ట్యాంకులో ఫ్యాను వేడిగాలిని బయటికి నెట్టేది దాని గుండానే. కాబట్టి పైన జాలీ, కింద అడ్డంగా రెక్కలు ఉంటాయి. ఆ పలక లోపలి అంచు వెంబడి 1 మి.మీ. రంధ్రాలు వరసగా చేసి, కత్తితో కలిపి, మధ్య ముక్క తీసేసి, ఆకురాయితో గీత దాకా రండి. నేరుగా కత్తితో కోయబోతే జారి చట్రం తెగుతుంది. ఇత్తడి జాలీ పెట్టేముందు లోపల మ్యాట్ నలుపు వేసి, 0.5 మి.మీ. ప్లాస్టిక్ షీటు పట్టీలు నాలుగైదు ఏటవాలుగా అంటించండి. ఇది మరిచిపోతే జాలీలోంచి ఖాళీ డొల్ల, అవతలి గోడ మీది తామియా ముద్ర కనబడతాయి. అప్పుడు జాలీ కొన్నా లాభం లేదు.

జాలీ కొద్దిగా ఉబ్బి ఉండాలి. చదును రేకుని అలాగే నొక్కితే మడత పడుతుంది. ముందు గ్యాస్ మంట మీద పట్టకారుతో పట్టుకుని రంగు మారేదాకా, రెండు మూడు క్షణాలు మాత్రమే, వేడిచేసి తీసెయ్యండి. ఎక్కువసేపు పెడితే సన్నటి గళ్లు కాలిపోతాయి. చల్లారాక ఇత్తడి రేకు మెత్తగా మాట వింటుంది. మౌస్ ప్యాడ్ మీద పెట్టి చెంచా వీపుతో మధ్య నుంచి అంచుకి రుద్దండి.

ముక్కలు ఎగిరిపోవడానికి కారణం కోసే పద్ధతి. రబ్బరు మ్యాట్ మీద కోస్తే రేకు కిందికి వంగి, తెగగానే స్ప్రింగులా లేస్తుంది. గట్టి నేలమీద కోయాలి. పాత టైలు ముక్కో అద్దం ముక్కో చాలు. కోసే ముక్క మీద మాస్కింగ్ టేపు అంటించి, గుండ్రటి కత్తితో పైనుంచి నొక్కండి. మరీ చిన్నవాటిని పారదర్శక పాలిథిన్ సంచిలో చేతులు పెట్టి కోయండి. పట్టకారు కూడా ముక్కల్ని ఎగరగొడుతుంది. టూత్‌పిక్ మొనకి కొంచెం మైనం పెట్టి దానితో ఎత్తితే ఆ బాధ లేదు. మడిచేటప్పుడు సన్నగీత ఉన్న వైపు మడతకి లోపల ఉండాలి. స్టీల్ స్కేలు కింద నొక్కిపట్టి, బ్లేడు ముక్కని అడుగున దూర్చి ఒక్కసారిగా లేపండి. ఒకసారి మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిస్తే అక్కడ విరిగినట్టే.

తెల్ల బూజు గురించి. అది ఫెవిక్విక్ ఆవిరి. గాలిలోని తేమతో కలిసి చుట్టుపక్కల పొడిలా గట్టిపడుతుంది. కృష్ణా తీరంలో వానాకాలం ఉండే తేమకి ఇది మరీ ఎక్కువ. ఎక్కువ జిగురు వాడటం, అంటించగానే పెట్టెలో మూసెయ్యడం దాన్ని పెంచుతాయి. చుక్కని అట్టముక్క మీద వేసుకుని, సూది కన్ను విరగ్గొట్టి ఫోర్కులా చేసి, దానితో ముట్టించినంతే పెట్టండి. గంటసేపు ఫ్యాను గాలి తగలనివ్వండి. రంగుకి ముందు వచ్చిన బూజుకి భయపడక్కర్లేదు. తడి వాటర్ పేపర్‌తో తుడిచేస్తే పోతుంది, మిగిలింది ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కింద దాగుతుంది. అందుకే ఎచ్ పనంతా రంగుకి ముందే ముగించాలి. గోళ్ల రంగు తీసే అసిటోన్‌తో మాత్రం తుడవకండి, బూజుతో పాటు ప్లాస్టిక్ కూడా కరుగుతుంది. ట్యూబుని సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో మూసి ఫ్రిజ్‌లో పెట్టండి. తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తియ్యకండి, లేదంటే లోపల చెమ్మ పట్టి గట్టిపడిపోతుంది.

ఎచ్ సెట్‌లో వచ్చినంత మాత్రాన ప్రతిదీ వాడనక్కర్లేదు. సైనికులు పట్టుకుని కూర్చునే చేతికమ్మీలు గుండ్రటివి. చదును ఇత్తడి పట్టీ వాటి స్థానంలో తప్పుగా కనబడుతుంది. 0.5 మి.మీ. రాగి తీగ తీసుకుని, రెండు కటింగ్ ప్లేయర్లతో రెండు చివర్లూ పట్టి గట్టిగా లాగితే నిటారుగా అవుతుంది. కమ్మీ వెడల్పుకి సరిపడా ప్లాస్టిక్ పట్టీ కోసి, దాని చుట్టూ మడిస్తే అన్నీ ఒకే కొలతకి వస్తాయి. అంటించేటప్పుడు రంధ్రం చేసి గుచ్చండి, లేకపోతే వేలు తగిలిన మొదటిసారే ఊడతాయి. ఇంధనం డ్రమ్ముల పట్టీలు మాత్రం ఎచ్‌వే వాడండి, అవి అసలులోనూ రేకు పట్టీలే. లాగుడు తాడుకి ఇంట్లోని మెత్తటి వైరు విప్పి, 0.2 మి.మీ. పోగులు ఏడు తీసుకుని, ఒకటి మధ్యలో ఆరు చుట్టూ ఉండేలా పేనండి. సుమారు 0.6 మి.మీ. తాడవుతుంది. మంటకి ఒకసారి చూపిస్తే బిరుసుతనం పోయి మెత్తబడి ట్యాంకు మీద బరువుగా వాలుతుంది.

మడ్‌గార్డులకి ఇత్తడివి కొనే ముందు ఈ లెక్క చూడండి. కిట్ ప్లాస్టిక్ అంచు 0.8 మి.మీ. మందమనుకుంటే అసలు ట్యాంకులో అది 28 మి.మీ. అంటే కవచం మందం! అసలువి పల్చటి రేకు. అడుగువైపు నుంచి కత్తిని ఏటవాలుగా పట్టి అంచుని గోకండి, పైనుంచి చూసేవాడికి రేకులాగే ఉంటుంది. పైసా ఖర్చు లేదు. ఒకచోట కొద్దిగా వంచితే ఇంకా నమ్మబుద్ధేస్తుంది.

ఇప్పుడు టరెట్. ఈ మోడల్ మీద నాకు అన్నిటికన్నా మక్కువైన పని ఇది. టీ-34/85 టరెట్ పక్కలు ఇసుక అచ్చులో పోసిన ఉక్కు. యుద్ధకాలపు హడావిడిలో నున్నగా చేసే తీరిక ఎవరికుంది? ఫొటోల్లో చూస్తే నారింజ తొక్కకన్నా గరుకు. కిట్‌లో అది సబ్బుబిళ్లలా ఉంటుంది. పుట్టీని ఎన్‌సీ థిన్నర్ (లాకర్ రంగులు పల్చబరిచే ద్రవం)తో పెరుగంత పల్చగా కలిపి, కుచ్చు పొట్టిగా కత్తిరించిన బ్రష్షుతో పొడుస్తూ పూయండి. గీతలు గియ్యకండి, పొడవాలి. వేలి వెడల్పు మించకుండా కొంచెం కొంచెంగా సాగండి. థిన్నర్ ఎక్కువైతే ప్లాస్టిక్ మెత్తబడి చిన్న వివరాలన్నీ కరుగుతాయి, కాబట్టి మొదట టరెట్ లోపలి వైపు ప్రయత్నించండి. గది కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. ఒక రోజంతా ఆరనిచ్చి 600 వాటర్ పేపర్‌తో తేలిగ్గా రుద్ది మొనలు విరిచెయ్యండి. కొలత గుర్తుంచుకోండి. మీరు వదిలిన 0.1 మి.మీ. గుట్ట అసలు ట్యాంకులో 3.5 మి.మీ. అంతకు మించితే అది గులకరాళ్ల గోడ.

గరుకుదనం పోత భాగాలకే. టరెట్ పక్కలు, గొట్టం మొదట్లో ఉండే ముసుగు. టరెట్ కప్పు చదును పలక, దాన్ని పోతకి వెల్డ్ చేశారు. ట్యాంకు ఒళ్లు కూడా చదును పలకలే. వాటికి పూస్తే తప్పు. కప్పు చుట్టూ వెల్డు గీత కావాలంటే స్ప్రూ (కిట్ భాగాలు అతికి వచ్చే ప్లాస్టిక్ కాడ) ముక్కని కొవ్వొత్తి మీద వేడిచేసి దారంలా లాగి, అతుకు మీద పరచి, సిమెంటు రాసి, అయిదు నిమిషాలు ఆగి, మొండి కత్తితో దగ్గర దగ్గరగా నొక్కుతూ వెళ్లండి. ఎం-సీల్‌తో చేసేవాళ్లున్నారు గానీ ఇంత సన్న గీతకి అది ముతక.

గొట్టం గురించి రెండు మాటలు. 85 మి.మీ. ఫిరంగికి మూతి దగ్గర బ్రేకు లేదు, మామూలు గొట్టం. అతుకు గీతని రుద్దేటప్పుడు ఒకే దిక్కున రుద్దితే చదును పడుతుంది. గొట్టాన్ని తిప్పుతూ పేపర్‌ని చుట్టి రుద్దితే గుండ్రంగానే ఉంటుంది. మూతి రంధ్రం 2.4 మి.మీ. ఉండాలి, 85ని 35తో భాగించండి. దాన్ని సరిచేస్తే చాలామందికి కిట్ గొట్టమే చాలు. మెటల్ది కొంటే ఆరల్డైట్‌తో అంటించండి. ఫెవిక్విక్ పట్టిన క్షణం నుంచి సర్దుకునే వీలుండదు, గొట్టం కాస్త వంకరగా పడినా ముందునుంచి చూస్తే ట్యాంకంతా వంకరే.

ఇంజిన్ సెట్ గురించి: మూతలు తెరిచి చూపించే ఉద్దేశం లేకపోతే అది ఎవరికీ కనబడదు. తెరవాలంటే ఇంజిన్ గది గోడలు, రేడియేటర్లు, గొట్టాలు అన్నీ కావాలి, అది వేరే మోడల్ కట్టినంత పని.

అన్నీ అయ్యాక మోడల్ మీద పచ్చ ప్లాస్టిక్, పసుపు ఇత్తడి, ఎర్ర రాగి, తెల్ల లోహం కలిసి అతుకుల బొంతలా ఉంటుంది. లోహానికి నేరుగా యాక్రిలిక్ వేస్తే గోరు తగిలితే ఊడుతుంది. ఎచ్ రేకుని అంటించే ముందే అరగంట వెనిగర్‌లో ఉంచి కడిగితే రంగు బాగా పట్టుకుంటుంది. తర్వాత మొత్తానికి ఒకే లాకర్ ప్రైమర్ పల్చగా రెండుసార్లు, మధ్య గంట విరామంతో. బూడిద రంగు ప్రైమర్ పడగానే టరెట్ మీద గరుకు ఎక్కడ ఎక్కువైందో, వెల్డు ఎక్కడ తెగిందో బయటపడుతుంది. దిద్దుకోవడానికి అదే ఆఖరి అవకాశం. ట్రాక్, చక్రాలు విడిగా, ఒళ్లు విడిగా, టరెట్ విడిగా రంగు వేసి, ఆకుపచ్చ పూర్తిగా ఆరాక ట్రాక్ తొడిగి, అప్పుడు ఐడ్లర్ ఇరుసుని తిప్పి బిగింపు సరిచూసి, ఒక్క చుక్క ఆరల్డైట్‌తో దాన్ని అక్కడే నిలపండి.